మీరు అడగలేదు కదా, అయ్యగారూ

ఈ నెల మీతో ఒక న్యాయవాది జీవితమును గూర్చి నాలుగు మాటలు పంచుకోవాలని ఆశిస్తున్నాము. ఆమె మన ఊరివారు కాదు, మన దేశములో పుట్టినవారూ కాదు. సముద్రమునకు ఆవల, దక్షిణాఫ్రికాలో పుట్టి, ప్రపంచ దేశముల స్త్రీల పక్షమున నిలిచిన ఆమె పేరు నవనీతం పిళ్లై. లోకమంతా నవీ పిళ్లై అని పిలుస్తుంది. అయితే ఆమె సంగతి చెప్పేముందు మా సంగతి ఒకటి ఒప్పుకోవాలి. అది జరగకపోయి ఉంటే ఆమె కథ మా చెవిన పడినా మనసులో నిలిచేది కాదు.

మేము ఈ పల్లె సంఘమునకు కాపరిగా వచ్చి పదకొండు సంవత్సరములు దాటింది. బైబిలు కళాశాలలో డిప్లొమా ముగించుకొని, రెండు మూడు గ్రామములలో పరిచర్య చేసి ఇక్కడకు వచ్చాము. మా సంఘస్థులలో ఎక్కువమంది కూలి చేసుకొని బ్రతికేవారు. మిరప కోతలకు, పొగాకు గ్రేడింగుకు వెళ్లేవారు. మందిరము ప్రక్కనే మాకు రెండు గదుల ఇల్లు. రాత్రివేళ ఎవరైనా తలుపు తడితే జ్వరమో, పురిటి నొప్పులో, ఇంట్లో గొడవో అనుకొంటూ లేస్తాము.

నాలుగేళ్ల క్రితము ఒక రాత్రి అలాగే తలుపు చప్పుడైంది. తీసి చూస్తే సంఘములోని ఒక సహోదరి, మూడేళ్ల బిడ్డను చంకనెత్తుకొని నిలబడి ఉంది. కాళ్లకు చెప్పులు లేవు. "ఏమ్మా, ఇంట్లో ఏమైనా మాటా మాటా వచ్చిందా?" అన్నాము. "ఏం లేదయ్యగారూ, ప్రార్థన చేయండి చాలు" అంది. ఎడమ చేతిని కొంగు క్రింద దాచుకొంది. మేము చూశాము. చూచి కూడా అడగలేదు.

ఎందుకు అడగలేదో ఇప్పుడు చెప్పగలము. ఆమె భర్త మందిరములో డోలక్ వాయించేవాడు. వానాకాలములో మా ఇంటి కప్పు కారితే నిచ్చెన వేసుకొని ఎక్కి రేకు సరిచేసినవాడు. అతనిని గూర్చి చెడ్డమాట వినడానికి మా మనసు సిద్ధముగా లేదు. కాబట్టి ప్రార్థన చేశాము. టార్చిలైటు పట్టుకొని మేమే ఆమెను ఇంటి వరకు నడిపించుకొని వెళ్లాము. భర్తను లేపి, ఇద్దరి చేతులు కలిపి, "సర్దుకుపోవాలమ్మా, ఇల్లాలు ఓర్చుకుంటేనే ఇల్లు నిలబడుతుంది" అని బుద్ధి చెప్పి వచ్చాము. ఒక కుటుంబమును కలిపామన్న తృప్తితో ఆ రాత్రి హాయిగా నిద్రపోయాము.

రెండు నెలలు గడిచాయి. ఒక ఉదయము ఆమె ఆసుపత్రిలో ఉన్నదని కబురు వచ్చింది. అదే ఎడమ చెయ్యి, ఈసారి ఎముక విరిగింది. బత్తాయిలు కొనుక్కొని మేమూ, అమ్మగారూ వెళ్లాము. మంచము ప్రక్కన నిలబడి, పెద్దరికముగా, "ఆ రాత్రే చెప్పి ఉంటే బాగుండేది కదమ్మా" అన్నాము.

ఆమె మా ముఖము వైపు చూచి, "మీరు అడగలేదు కదా, అయ్యగారూ" అంది.

కోపముగా అనలేదు. నిష్ఠూరముగానూ అనలేదు. ఉన్నమాట చెప్పింది. ఇరవై ఏళ్లుగా ప్రసంగాలు చేస్తున్న మాకు ఆ ఒక్క మాటకు జవాబు దొరకలేదు.

మా సంఘములోనే పెరిగి, న్యాయశాస్త్రము చదివి, దగ్గరి పట్టణములోని కోర్టులో ప్రాక్టీసు చేస్తున్న అమ్మాయి ఒకరు ఉన్నారు. సండే స్కూలులో మా దగ్గర వాక్యములు కంఠతా పెట్టిన పిల్ల. ఆ సహోదరి తరపున అర్జీ వేయడానికి ఆమే ముందుకు వచ్చింది. పిలుపు కోసము కోర్టు ఆవరణలో వేపచెట్టు క్రింద కూర్చొని ఉండగా, మా ముఖము చిన్నబోయి ఉండటము చూచి ఆ అమ్మాయి, "అయ్యగారూ, మీకు నవీ పిళ్లై గారి సంగతి చెప్పనా?" అంది. ఆ పూట మొదలుపెట్టిన కథను రెండు మూడు వాయిదాలలో పూర్తి చేసింది. తరువాత మేమూ దొరికినంత మట్టుకు చదివి తెలుసుకొన్నాము.

ఈ కథ మన తీరము నుండే మొదలవుతుంది. 1860వ సంవత్సరములో మద్రాసు రేవు నుండి ట్రూరో అనే ఓడ బయలుదేరి, నవంబరు 16న దక్షిణాఫ్రికాలోని డర్బన్‌కు చేరింది. చెరకు తోటలలో ఒప్పందపు కూలీలుగా పనిచేయడానికి వెళ్లిన మొదటి భారతీయులు అందులో ఉన్నారు. 1911 వరకు సుమారు 1,52,000 మంది అలా నాటాల్ ప్రాంతమునకు వెళ్లారు. వారిలో తమిళులతో పాటు మన తెలుగువారూ వేలాదిగా ఉన్నారు. ఆ తెలుగు కూలీల మధ్య పరిచర్య చేయడానికే తెలుగు బాప్తిస్టు సంఘములు తమ సొంత కానుకలతో జాన్ రంగయ్య గారిని 1903లో అక్కడకు పంపించాయి. ఆ చరిత్ర మన పెద్దలలో కొందరికైనా గుర్తుండే ఉంటుంది.

ఆ విధముగా వెళ్లిన తమిళ కుటుంబముల సంతతిలో, డర్బన్ దగ్గర క్లెయిర్‌వుడ్ అనే పేదల పేటలో, 1941లో నవనీతం పుట్టింది. తండ్రి బస్సు డ్రైవరు. ఆమెకు ఆరేళ్ల వయసులో తండ్రి కష్టార్జితమైన ఐదు పౌన్ల డబ్బు ఆమె చేతిలో నుండి దొంగిలింపబడింది. ఆ పసిపిల్ల కోర్టుకు వెళ్లి సాక్ష్యము చెప్పింది. దొంగకు శిక్ష పడింది. కాని డబ్బు మాత్రము తిరిగి రాలేదు. నేరస్థునికి శిక్ష పడినంత మాత్రాన నష్టపోయినవారికి న్యాయము జరిగినట్టు కాదని ఆ బిడ్డకు అప్పుడే అనుభవమైంది. న్యాయవాది కావాలన్న కోరికకు అదే విత్తనము.

బస్సు డ్రైవరు కూతురికి కాలేజీ చదువు ఎక్కడ? ఆమె చురుకుదనము చూచి, ఆ పేటలోని భారతీయులు తమలో తాము చందాలు వేసుకొని నాటాల్ విశ్వవిద్యాలయములో చేర్పించారు. మన సంఘములలో ఒక పేద పిల్లవాని చదువుకు గుప్పెడు బియ్యము కానుకలు కూడబెట్టినట్టే అనుకోండి. అప్పుడు ఆ దేశములో వర్ణవివక్ష చట్టము. తెల్లవారికి ఒక తరగతి గది, తెల్లవారు కానివారికి వేరొక చోటు. ఆమె 1963లో బి.ఏ., 1965లో ఎల్.ఎల్.బి. పూర్తి చేసింది. ఉద్యోగము కోసము తిరిగితే తెల్ల లాయర్ల ఆఫీసులలో చోటు దొరకలేదు. తెల్లజాతి గుమాస్తా ఒక నల్ల స్త్రీ చెప్పిన పని చేయవలసి రావడము వారికి సమ్మతము కాదు. ఇక ఎవరినీ బ్రతిమాలక, 1967లో తానే సొంతముగా ఆఫీసు తెరిచింది. నాటాల్ రాష్ట్రములో తెల్లజాతికి చెందని స్త్రీ అలా సొంత ప్రాక్టీసు పెట్టడము అదే మొదటిసారి.

కోర్టులో వాదించవచ్చును గాని, న్యాయమూర్తి గారి గదిలోనికి ఆమె అడుగు పెట్టకూడదు. రంగు అడ్డము. అలా ఇరవై ఎనిమిదేళ్లు వకాలతు చేసింది. వర్ణవివక్షను ఎదిరించి జైలు పాలైనవారి పక్షమున నిలబడింది. ఏకాంత ఖైదులో, విచారణ గదులలో మనుష్యులను ఎలా హింసిస్తున్నారో కోర్టు ఎదుట పెట్టింది. 1971లో ఆమె భర్తనే పోలీసులు నిర్బంధించారు. అప్పుడు ఆమె ఏడుస్తూ కూర్చోలేదు. భర్తను విచారణ పేరుతో హింసించకూడదని కోర్టు నుండి ఉత్తర్వు తెచ్చింది. 1973లో, నెల్సన్ మండేలా వంటి ఖైదీలు ఉన్న రాబెన్ ద్వీపపు జైలులో, వారు తమ న్యాయవాదులను కలుసుకొనే హక్కును గెలిచి పెట్టింది.

ఈ పోరాటము మధ్యలో ఆమె మరొక సంగతి గమనించింది. వర్ణవివక్ష చేత బాధపడే ఇండ్లలోనే, ఆ బాధితుల చేతులలోనే దెబ్బలు తినే స్త్రీలు ఉన్నారు. బయట అన్యాయమును ఎదిరించే పురుషుడు లోపల అన్యాయము చేయవచ్చు. డర్బన్‌లో అలాంటి స్త్రీలకు సలహా చెప్పే కేంద్రము, తలదాచుకొనే ఇల్లు ఏర్పరచినవారిలో ఆమె ఒకరు. వేపచెట్టు క్రింద ఈ మాట విన్నప్పుడు మాకు మా డోలక్ సహోదరుడు గుర్తుకొచ్చాడు.

మధ్యలో అమెరికాలోని హార్వర్డ్ విశ్వవిద్యాలయమునకు వెళ్లి 1982లో ఎల్.ఎల్.ఎం., 1988లో న్యాయశాస్త్ర డాక్టరేటు సంపాదించింది. 1992లో మరి ఇద్దరితో కలిసి ఈక్వాలిటీ నౌ అనే సంస్థను ప్రారంభించింది. ఏ దేశములోనైనా చట్టము స్త్రీని తక్కువ చేస్తే, ఆ దేశపు చట్టమును మార్చమని అడగడమే ఆ సంస్థ పని. సొంత దేశములో కొత్త రాజ్యాంగము వ్రాసుకొంటున్న రోజులలో, సమానత్వపు హక్కులో స్త్రీలకు చోటు ఉండాలని పట్టుబట్టిన స్త్రీల కూటమితో ఆమె పనిచేసింది. 1995లో అధ్యక్షుడు మండేలా ఆమెను హైకోర్టు న్యాయమూర్తిగా ఎంపిక చేశారు. తెల్లజాతికి చెందని స్త్రీ ఆ దేశపు హైకోర్టులో కూర్చోవడము అదే మొదలు. ఇరవై ఎనిమిదేళ్లుగా ఏ గది తలుపు ఆమెకు మూసి ఉన్నదో, అలాంటి గదిలోనికి మొదటిసారి అడుగు పెట్టినది తానే న్యాయమూర్తిగా!

అయితే ఆమెను లోకము జ్ఞాపకము ఉంచుకొన్నది ఆ తరువాతి పనిని బట్టి. ఇక్కడ మనము రువాండా దేశమునకు వెళ్లాలి.

ఆఫ్రికా ఖండము మధ్యలోని ఆ చిన్న దేశములో హుటూలు, టుట్సీలు అని రెండు ప్రధాన తెగలు. ఒకే భాష, ఒకే ఊరు, ఎక్కువమంది క్రైస్తవులే. 1994 ఏప్రిల్ నుండి జూలై వరకు సుమారు వంద రోజులలో ఎనిమిది లక్షల మంది వరకు చంపబడ్డారని ఐక్యరాజ్య సమితి లెక్క. చంపబడినవారిలో అత్యధికులు టుట్సీలు. ప్రాణభయముతో దేవుని మందిరములలోనికి పరుగెత్తినవారిని ఆ మందిరములలోనే నరికారు. న్యమాటా, న్టరామా అనే చోట్ల ఉన్న చర్చి భవనములు నేడు ఆ మృతుల స్మారకములు. ఇది వ్రాస్తుంటే మా చేయి ఆగుతోంది. అయినా కాపరులమైన మేము ఇది దాటవేయకూడదు.

ఆ నేరములను విచారించడానికి ఐక్యరాజ్య సమితి ఒక ట్రిబ్యునల్‌ను ఏర్పరచింది. అది టాంజానియా దేశములోని అరుషా పట్టణములో కూర్చొన్నది. 1995లో నవీ పిళ్లై దానికి న్యాయమూర్తిగా ఎన్నికయింది. మొదటి సంవత్సరములలో అక్కడి న్యాయమూర్తులలో స్త్రీ ఆమె ఒక్కతే.

1997 జనవరిలో జాన్ పాల్ అకయేసు అనే వాని విచారణ ప్రారంభమైంది. అతడు టబా అనే ప్రాంతమునకు మేయరు వంటి అధికారి. అంతకుముందు బడిపంతులు, తరువాత బడుల ఇన్‌స్పెక్టరు. ప్రజలు గౌరవించినవాడు. హత్యలు మొదలైన తొలి రోజులలో తన ప్రాంతములో రక్తపాతమును ఆపడానికి ప్రయత్నించాడు కూడా. కాని ఏప్రిల్ 18న పైఅధికారులతో జరిగిన ఒక సభ తరువాత పూర్తిగా మారిపోయాడు. అతనిమీద మోపిన నేరముల పట్టికలో హత్యలు ఉన్నాయి, చిత్రహింసలు ఉన్నాయి. స్త్రీలకు జరిగిన అవమానము మాత్రము ఒక్క పంక్తిలోనూ లేదు. జరగలేదనా? కాదు. పట్టిక వ్రాసినప్పుడు దానిని నేరముగా చేర్చినవారు లేరు.

హత్యల సంగతి చెప్పడానికి వచ్చిన ఒక తల్లి, మాటల మధ్యలో, ఆరేళ్ల తన కూతురిని ముగ్గురు చెరిచారని చెప్పింది. ఆ మాటను పట్టికలో లేదని ప్రక్కన పెట్టవచ్చు. కోర్టు వ్యవహారము తెలిసినవారికి అది చాలా సులువు. కాని న్యాయపీఠము మీద ఉన్నవారు ఆగారు. నవీ పిళ్లై ప్రశ్నలు అడిగింది. ఆ తరువాత మరొక స్త్రీ వచ్చి, తనకు జరిగినదీ, అకయేసు ఆఫీసు ఆవరణలో ఇతర స్త్రీలకు జరుగుతూ తాను చూచినదీ చెప్పింది. రక్షణ కోసము వారు పరుగెత్తి చేరిన ఆవరణ అదే! బయట స్త్రీల సంఘములు కూడా ఈ నేరమును చేర్చాలని విన్నవించుకొన్నాయి. 1997 జూన్‌లో ప్రాసిక్యూటర్లు పట్టికను సవరించి, మానభంగపు నేరములను చేర్చారు. ఆ స్త్రీలు తిరిగి వచ్చి, ఆ మనిషి కూర్చొని ఉన్న గదిలో, తమ సిగ్గును కాక అతని నేరమును చెప్పారు.

1998 సెప్టెంబరు 2న తీర్పు వచ్చింది. ఒక జాతిని నిర్మూలము చేసిన నేరమునకు అంతర్జాతీయ కోర్టు విచారణ జరిపి ఒక మనిషిని దోషిగా తేల్చడము చరిత్రలో అదే మొదటిసారి. అంతేకాదు, ఒక జాతిని నాశనము చేయాలనే ఉద్దేశముతో స్త్రీలను చెరచడము కూడా జాతి నిర్మూలనమే అవుతుందని ఆ తీర్పు చెప్పింది. ముగ్గురు న్యాయమూర్తులు కలిసి ఇచ్చిన తీర్పు అది; ఆ ముగ్గురిలో ఆమె ఒకరు. అకయేసుకు జీవితకాల ఖైదు పడింది. అంతవరకు యుద్ధములో స్త్రీని చెరచడమును గెలిచినవాడు దోచుకొన్న సొమ్ము వలె చూచేవారు. ఇకమీదట అది నేరమేనని ఆమె లోకమునకు స్పష్టము చేసింది.

ఆ ట్రిబ్యునల్‌కు ఆమె 1999 నుండి నాలుగేళ్లు అధ్యక్షురాలిగా ఉన్నది. ఆ కాలములోనే, 2003 ఫిబ్రవరిలో, ఆ ట్రిబ్యునల్ ఒక పాస్టరును దోషిగా ప్రకటించింది. ఎలిజఫాన్ ఎన్టకిరుటిమనా అనే ఆ వృద్ధునికి పదేళ్ల శిక్ష పడింది. తన వద్ద ఆశ్రయము పొంది ఉన్న టుట్సీలు, వారిలో తోటి పాస్టర్లు, తమను కాపాడమని అతనికి ఉత్తరము వ్రాసి పంపారు. కాపాడకపోగా, దాడిచేసినవారిని తన వాహనములో తీసుకువెళ్లాడని కోర్టు తేల్చింది. మేము అతనివంటి వారము కామని వెంటనే చెప్పుకోవాలనిపిస్తుంది. నిజమే, కాము. అయినా సహాయము కోరి తలుపు తట్టినవారిని వారు పారిపోయి వచ్చిన చోటికే మా టార్చిలైటు వెలుగులో నడిపించాము. ఆ మాట మమ్మును వదిలిపెట్టడము లేదు.

2003 నుండి 2008 వరకు ఆమె ది హేగ్ నగరములోని అంతర్జాతీయ నేర న్యాయస్థానములో న్యాయమూర్తిగా ఉన్నది. 2008 నుండి 2014 వరకు ఐక్యరాజ్య సమితి మానవ హక్కుల హైకమిషనరుగా పనిచేసింది. బస్సు డ్రైవరు కూతురు, పేటవారి చందాలతో చదివిన పిల్ల, ఎక్కడికి వెళ్లిందో చూడండి.

చదువరులలో కొందరు, "ఇవన్నీ పెద్ద దేశముల, పెద్ద కోర్టుల సంగతులు, మా పల్లెకు ఏమి సంబంధము?" అని అడుగుతారు. మేమూ అదే అడిగాము. మా న్యాయవాది అమ్మాయి ఓపికగా చెప్పింది. స్త్రీల పట్ల వివక్షను తొలగించాలని ఐక్యరాజ్య సమితి 1979లో ఒక ఒడంబడికను ఆమోదించింది. మన దేశము 1993లో దానికి కట్టుబడింది. పనిచేసే చోట స్త్రీలను వేధించకూడదని మన సుప్రీంకోర్టు 1997లో విశాఖ కేసులో నియమములు విధించినప్పుడు ఆ ఒడంబడికనే ఆధారము చేసుకొన్నది. గృహహింస నుండి స్త్రీలకు రక్షణ కల్పించే చట్టము 2005లో వచ్చి, 2006 అక్టోబరు నుండి అమలులో ఉన్నది. దానికి వెనుక కూడా ఆ ప్రపంచ స్త్రీల పోరాటము ఉన్నది. ఎక్కడో దూరదేశములలో లాయర్లు వాదించిన మాట, చివరకు మా పొగాకు గ్రేడింగు కూలి సహోదరి అర్జీ కాగితము మీదకు వచ్చింది.

ఆ చట్టము ఏమి చేస్తుందో మన ఇండ్లలో తెలియాలి. దెబ్బలు మాత్రమే హింస కాదు. నిత్యము బూతులు తిట్టడము, కూలి డబ్బులు లాక్కోవడము, ఇంటినుండి గెంటివేయడము కూడా హింసే. ప్రొటెక్షన్ ఆఫీసరుకు గాని, నేరుగా మేజిస్ట్రేటు కోర్టుకు గాని చెప్పుకోవచ్చు. అర్జీ అందినప్పటినుండి సాధారణముగా మూడు రోజులలోపు మొదటి వాయిదా వేయాలి, అరవై రోజులలో తేల్చడానికి ప్రయత్నించాలి. ఇల్లు ఎవరి పేరున ఉన్నా, కాపురమున్న ఇంటిలో ఉండనివ్వమని ఆమె కోర్టును అడుగవచ్చు. స్త్రీ అయితే చాలు, ఆస్తి ఎంత ఉన్నా లేకపోయినా, న్యాయ సేవాధికార సంస్థ ద్వారా ఉచితముగా లాయరును పెడతారు. ఆపదలో ఉన్న స్త్రీ 181 నంబరుకు ఫోను చేయవచ్చు, ప్రాణాపాయమైతే 112. ఈ రెండు నంబర్లు మా మందిరము నోటీసు బోర్డు మీద, ఆరాధన వేళల క్రింద, మేము సుద్దముక్కతో వ్రాసి ఉంచాము. చెరిగితే మళ్లీ వ్రాస్తాము.

ఇది అందరికీ నచ్చలేదు. "పాస్టరు గారే సంసారములను కోర్టుకు ఎక్కిస్తే ఇక సంఘము ఎందుకు?" అని ఒక పెద్ద సంఘ కమిటీలో లేచి అడిగారు. ఆ డోలక్ సహోదరుని బంధువుల మూడు కుటుంబములు ఆరాధనకు రావడము మానివేశాయి. వారు కూర్చొనే చాప ఆదివారము ఖాళీగా కనిపిస్తుంటే మాకు బాధగానే ఉంటుంది. వారిండ్లకు వెళ్లాము, ఇంకా వెళ్తున్నాము. వారికి చెప్పేది ఒక్కటే. ఆ ఇంటిని అర్జీ కాగితము విరగ్గొట్టలేదు. ఆ చెయ్యి విరిగిన రోజే అది విరిగింది. మేము దానిని ముందు రాత్రే చూచి, చూడనట్టు నటించాము.

దావీదు కుమార్తె తామారు కథ మీకు తెలుసు. రెండవ సమూయేలు 13వ అధ్యాయములో ఉన్నది. ఆమె వస్త్రము చింపుకొని, ఏడుస్తూ వెళ్లింది. అన్న ఊరకుండమన్నాడు. తండ్రి కోపగించుకొన్నాడు గాని ఆమె పక్షమున ఏమీ చేసినట్టు వ్రాయబడలేదు. ఆమెను దగ్గర కూర్చోబెట్టుకొని అడిగినవారు ఆ రాజగృహములో ఒక్కరైనా కనబడరు. ఆ ఇంటిలో తరువాత ఎంత రక్తము చిందినదో కూడా మీకు తెలుసు. ఎన్నోసార్లు ఈ అధ్యాయము మీద ప్రసంగించిన మేము, అమ్నోను పాపమును గూర్చి గట్టిగా చెప్పాము. దావీదు మౌనమును గూర్చి ఒక్కసారి కూడా చెప్పలేదు.

ఇప్పుడు మా పద్ధతి మారింది. సహోదరి ఎవరైనా రాత్రివేళ వస్తే, ముందు అమ్మగారు ఆమెను లోపలికి తీసుకొని వెళ్లి మంచినీళ్లిచ్చి ఒంటరిగా మాట్లాడతారు. "నిన్ను కొట్టారా? ఈ రాత్రి ఇంటికి వెళ్లడానికి భయముగా ఉందా? నీకు ఏమి చేయమంటావు?" ఈ మూడు ప్రశ్నలు సూటిగా అడుగుతారు. ప్రార్థన ఆ తరువాత. ఆమె వద్దంటే ఎవరి చేతులూ కలపము. ఆమె వెళ్లలేనంటే మా ముందు గదిలో చాప ఉన్నది.

ఇక ఆ సహోదరి సంగతి. కోర్టు ఉత్తర్వు ఆమెకు అనుకూలముగా వచ్చింది. బిడ్డతో ఆ ఇంటిలోనే ఉంటోంది. ఎడమ చెయ్యి పూర్తిగా చాపలేదు గాని గ్రేడింగు పనికి మళ్లీ వెళ్తోంది. ఆమె భర్త వేరే ఊరిలో పని చూచుకొన్నాడు. ప్రతి నెలా కొంత పంపాలని కోర్టు చెప్పింది. కొన్ని నెలలు పంపుతాడు, కొన్ని నెలలు వాయిదా వేస్తాడు. అతని కొరకు కూడా సంఘము ప్రార్థిస్తోంది. డోలక్ మందిరములో గోడకు తగిలించి ఉన్నది. అతడు నిజముగా మారి తిరిగి వస్తే ఎంతో సంతోషము. అయితే ఇంటిలోనికి రానివ్వాలా వద్దా అన్నది ఆమె ఇష్టము. ఆ మాట మేము చెప్పము.

మొన్న ఆదివారము ఆరాధన అయ్యాక ఆమె ఒక పొరుగింటి అమ్మాయిని వెంటబెట్టుకొని మా వాకిట్లోనికి వచ్చింది. కొత్తగా కాపురమునకు వచ్చిన పిల్ల. తల ఎత్తడము లేదు. "ఏం లేదయ్యగారూ, ప్రార్థన చేయించుకొందామని" అంది ఆ పిల్ల.

మా సహోదరి మా ముఖము వైపు చూచింది.

"రామ్మా, కూర్చో" అని అమ్మగారిని పిలిచాము.

ప్రియ చదువరీ, నీ ఇంటి తలుపు కూడా ఎవరో ఒకరు తడతారు. కోడలో, కూతురో, పనిమనిషో, పొరుగింటి ఇల్లాలో. ఏమీ లేదని ఆమె చెప్పినా, కొంగు క్రింద దాచుకొన్న చేతిని చూచి కూడా ఊరకుండవద్దు. ఇంకొక ప్రశ్న అడుగు. జవాబు వచ్చేవరకు కూర్చో.